విశాఖలో చిన్న తెరచాప పడవ: తక్కువ ఖర్చులో ఎంచుకుని సిద్ధం చేసుకోవడం ఎలా?

"విశాఖలో సొంతంగా తెరచాప పడవ పెట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా, మొత్తం వరసగా రాస్తే మేలనిపించింది.

ఇద్దరు కూర్చుని, తీరం కనుచూపు దాటకుండా తిరిగే 10 నుంచి 14 అడుగుల పడవ గురించే ఇదంతా. కేబిన్ ఉన్న యాట్‌ల జోలికి వెళ్లడం లేదు. ఈత రాకపోతే ముందు ఈత, తర్వాతే పడవ. తెరచాప నడపడం కూడా తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. చదివి నేర్చుకునేది కాదు.

## 1. ముందు రేవు చూసుకోండి

చాలామంది ముందు పడవ కొని, తర్వాత ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటారు. మీరు ముందు రేవు తేల్చుకోండి. మనలాంటి చిన్న పడవల వాళ్లు నేరుగా వెళ్లి కట్టేసుకునే ఒడ్డు మనకు లేదు. ఇసుక మీద నుంచి దింపాలి, ఇసుక మీదకే లాగాలి. మధ్యలో అలలు విరిగే చోటు దాటాలి. అందుకే మన తీరంలో ఎంపికంతా పడవ బరువు దగ్గరే తేలుతుంది.

లాసన్స్ బే, రుషికొండ, భీమిలి చూసి రండి. ఒకే చోటికి మూడు వేర్వేరు రోజులు, వేర్వేరు వేళల్లో వెళ్లండి. అల ఎక్కడ విరుగుతోంది, ఒడ్డు ఎంత ఏటవాలుగా ఉంది, జనం ఎక్కడ స్నానాలు చేస్తున్నారు, మత్స్యకారులు పడవలు ఎక్కడి నుంచి దింపుతున్నారు అన్నవి గమనించండి. స్నానాలు చేసే చోట పడవ దింపకూడదు. ఆర్కే బీచ్‌లో జనం రద్దీ, లోపలికి లాగే ప్రవాహాలు రెండూ ఉన్నాయి కాబట్టి దాన్ని వదిలేయండి. పోర్టులోకి ఓడలు వచ్చే మార్గం, డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టుపక్కల నేవీ పరిధి మనవి కావు. అటు ముక్కు కూడా తిప్పకండి.

జాలరిపేటలో ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "పొద్దున్న పదిమంది సెయ్యేసినప్పుడు పడవ బరువు తెలీదు బాబూ. సాయంత్రం మీ ఇద్దరే లాక్కున్నప్పుడు తెలుస్తాది."

రేవు దగ్గర అడగాల్సినవి:
- పడవ రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది? ఆ చోటు ఎవరిది?
- అమావాస్య, పున్నమి పోటుకి నీళ్లు ఎంతవరకు వస్తాయి?
- రోడ్డు నుంచి ఇసుక దాకా ట్రాలీ వెళ్తుందా?
- దారిలో తక్కువ ఎత్తులో కరెంటు తీగలున్నాయా? అల్యూమినియం మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) తీగకు తగిలితే ప్రాణం పోతుంది.

## 2. ఎంత పడవ సరిపోతుంది?

కొన్ని పేరున్న డిజైన్ల కొలతలు తెలిస్తే, పేరు లేని పడవను కూడా వాటి పక్కన పెట్టి చూడొచ్చు.

- ఆప్టిమిస్ట్: 2.3 మీటర్ల పొడవు, హల్ (మాస్ట్, తెరచాప కాకుండా పడవ ఒళ్లు) 35 కేజీలు. పిల్లల పడవ. పెద్దవాళ్లకు పనికిరాదు.
- మిర్రర్: 3.3 మీటర్లు, దాదాపు 45 కేజీలు. ప్లైవుడ్‌తో ఇంట్లో కట్టుకునేలా గీసిన డిజైన్. ఇద్దరు నేర్చుకోవడానికి చాలా మంచిది.
- లేజర్ (ఇప్పటి పేరు ఐఎల్‌సీఏ): 4.23 మీటర్లు, హల్ 59 కేజీలు. ఒక్కరి కోసం చేసింది. చురుకైనది, త్వరగా బోల్తా పడుతుంది, అంతే త్వరగా లేస్తుంది.
- ఎంటర్‌ప్రైజ్: 4.04 మీటర్లు, హల్ 90 కేజీలు. ఇద్దరికి. మన దేశంలో సెయిలింగ్ నేర్చుకున్న చాలామంది చేయి వేసిన పడవ.
- జీపీ14: 4.27 మీటర్లు, హల్ 133 కేజీలు. నిలకడగా ఉంటుంది, కానీ ఇసుక మీద నలుగురు కావాలి.

నా లెక్క ఇది: ట్రాలీ ఉంటే ఇద్దరికి 90 కేజీలు హద్దు. ట్రాలీ లేకపోతే 60. అది దాటితే మొదటి నెల ఉత్సాహం మీద లాగుతారు, మూడో నెలకి పడవ షెడ్డులో ఉండిపోతుంది. పెద్ద పడవ భద్రం అనుకుని 16, 18 అడుగులవి కొన్నవాళ్లు అమ్ముకోలేక అవస్థ పడటం చూశాను.

కొత్తవాళ్లకు ఒకే మాస్ట్, 7 నుంచి 10 చదరపు మీటర్ల తెరచాప, పైకి లేచే చుక్కాని, పైకి లాక్కునే సెంటర్‌బోర్డ్ (పడవ పక్కకి జారకుండా అడుగున నీళ్లలోకి దింపే పలక) ఉన్న ఫైబర్ పడవ సరైనది. కింద పైకి లేవకుండా పొడుచుకొచ్చిన కీల్ ఉంటే ఒడ్డుకి రాలేరు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు.

## 3. డబ్బు పంచుకునే తీరు

మీ దగ్గరున్న మొత్తంలో సగానికి మించి పడవ కొనడానికి పెట్టకండి. మిగతా సగంలో వైర్లు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ట్రాలీ, ఫైబర్ పని, రవాణా రావాలి. పాత పడవ గోవా, ముంబై, చెన్నై లాంటి చోట దొరికితే, లారీ ఖర్చు కలిపాకే అది చవకో కాదో చెప్పగలం.

లైఫ్ జాకెట్, మాస్ట్‌ని నిలబెట్టే పక్క వైర్లు, చుక్కాని బిగింపులు: ఈ మూడింట్లో బేరం ఆడకండి. రంగు, స్టిక్కర్లు, సీటు దిండ్లు వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

## 4. పాత పడవ చూడటానికి వెళ్లినప్పుడు

పగలే వెళ్లండి. పడవ పొడిగా ఉండగా చూడాలి. నీళ్లు చల్లి మెరిపించి చూపిస్తే, ఆరేదాకా ఆగండి.

చేతిసంచిలో ఉండాల్సినవి: రూపాయి బిళ్ల, టార్చ్, సన్నని స్క్రూడ్రైవర్, తెల్లని పాత గుడ్డ, కొలత టేపు, సబ్బు నీళ్ల సీసా, ఇంట్లో నిలబడి బరువు చూసుకునే మిషన్లు రెండు.

చూసే వరస ఇదీ:

బరువు. ముందు బిరడాలు తీసి లోపలి నీళ్లు వంచేయండి. ముందు ఒక మిషన్, వెనుక ఒకటి పెట్టి రెండూ కూడండి. ఉండాల్సిన దానికన్నా 10, 15 కేజీలు ఎక్కువ ఉంటే లోపలి ఫోమ్ నీళ్లు తాగిందని అర్థం. దాన్ని ఆరబెట్టడం దాదాపు అసాధ్యం. కోసి తీయాల్సిందే.

చప్పుడు. రూపాయి బిళ్ల అంచుతో అడుగు భాగమంతా జానెడు జానెడుకీ తట్టండి. గట్టి ఫైబర్ టక్కుమని మోగుతుంది. పొరలు విడిపోయిన చోట కొట్టిన అట్ట డబ్బాలా మొద్దుగా వినిపిస్తుంది. ఆ చోట్లు చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. ఒకటి రెండు అరచేతి సైజు మచ్చలైతే బాగు చేయొచ్చు.

మాస్ట్ నిలబడే చోటు. నా మొదటి పడవలో నేను చూడంది ఇదే. కొత్తగా వేసిన నీలం రంగు చూసి మురిసిపోయి, మాస్ట్ కింద బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూడలేదు. ఇంటికి తెచ్చాక స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే, నానిన బిస్కెట్‌లోకి దిగినట్టు దిగింది. లోపలి చెక్క మొత్తం కుళ్లిపోయి ఉంది. పడవకి పెట్టినంత డబ్బూ ఆ ఒక్క పనికి పెట్టాల్సి వచ్చింది. మీరు మాత్రం మడమ మోపి బలంగా నొక్కండి. కొంచెమైనా కుంగితే కిందకి వంగి టార్చ్ వేసి చూడండి.

సెంటర్‌బోర్డ్ గాడి. చిన్న పడవల్లో నీరు కారేది ఎక్కువగా ఇక్కడి నుంచే. గాడి అడుగున రెండు పక్కలా పగుళ్లున్నాయేమో చూడండి. బోర్డును కిందకీ పైకీ లాగి, పక్కలకి ఊపండి.

వెనుక పలక. చుక్కాని తగిలించే బిగింపులను చేత్తో పట్టుకుని ఊపండి. స్క్రూల చుట్టూ గోధుమ రంగు మరక కారి ఉంటే లోపలి చెక్క తడిసింది. ఇత్తడి స్క్రూ గులాబీ రంగుకి తిరిగితే దాంట్లో జింకు పోయింది, చేత్తో తుంచొచ్చు.

గాలి గదులు. బోల్తా పడినా పడవని తేల్చేవి ఇవే. మూత బిగించి, సన్న గొట్టం బిరడా రంధ్రంలో పెట్టి నోటితో ఊదండి. ఒకరు ఊదుతుంటే ఇంకొకరు అతుకుల మీద సబ్బు నీళ్లు రాయాలి. బుడగ లేచిన చోటల్లా నీళ్లు దూరతాయి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో మాత్రం గాలి కొట్టకండి, అతుకు పగిలిపోతుంది.

మాస్ట్, వైర్లు. మాస్ట్ నేల మీద పెట్టి ఒక చివర కన్ను ఆనించి చూస్తే వంకర తెలుస్తుంది. స్టీలు రివెట్ల చుట్టూ తెల్లని పొడి ఉంటే అల్యూమినియాన్ని ఉప్పు తింటోంది. వైరు పొడవునా తెల్ల గుడ్డ చుట్టి నెమ్మదిగా లాగండి. పోగు తెగి ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. ఒక్క పోగు తెగినా ఆ వైరు పారేయాల్సిందే.

తెరచాప. ఎండకి ముందు పాడయ్యేది గుడ్డ కాదు, దారం. కుట్టు మీద గోరుతో గీకండి. దారం పొడిలా రాలితే మళ్లీ కుట్టించాలి.

చూసిన రోజే అడ్వాన్సు ఇవ్వకండి. ఇంటికొచ్చి, కనపడిన ప్రతి లోపానికీ మరమ్మతు ఖర్చు కాగితం మీద వేసుకుని, అప్పుడు ధర మాట్లాడండి. అమ్మినాయన సంతకంతో రసీదు, పాత బిల్లు, పడవ మీద నంబరు ఉంటే దాని ఫొటో తప్పకుండా తీసుకోండి.

వీటిలో ఏ ఒక్కటి కనపడినా వెనక్కి తిరగండి:
- హల్ అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి పగులు
- వెనుక పలక, మాస్ట్ దిమ్మ రెండూ మెత్తబడటం
- మాస్ట్ లేకపోవడం, లేదా వేరే పడవ మాస్ట్ అతికించి ఉండటం
- అసలు బరువు కన్నా నాలుగో వంతు ఎక్కువ తూగడం

## 5. ఫైబర్ పని: ఆరబెట్టడమే సగం పని

ఈ పనికి జనవరి నుంచి మార్చి వరకు అనుకూలం. వర్షాకాలపు తేమలో చేసిన అతుకు బయటికి బాగానే ఉన్నా లోపల పట్టదు. పడవను నీడలో బోర్లించి, మూతలన్నీ తీసి, కనీసం రెండు మూడు వారాలు ఆరనివ్వండి.

ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల ఫైబర్ పడవలు బాగుచేసే మేస్త్రీలున్నారు. పని వాళ్లకి ఇచ్చినా పక్కన నిలబడి చూడండి. చేపల పడవకి మందంగా వేయడం వాళ్లకి అలవాటు. మీ పడవకి ఆ బరువు వద్దని మొదటే చెప్పాలి.

సొంతంగా చేసేవాళ్లకి వరస:

1. దెబ్బతిన్న ఫైబర్ గట్టి భాగం తగిలేదాకా గీకేయండి. చుట్టూ అంచుని పలచగా అరగదీయండి. 4 మి.మీ. మందం ఉంటే నాలుగు పక్కలా 4, 5 సెం.మీ. ఏటవాలు రావాలి.
2. అసిటోన్‌తో తుడిచి, ఆరాక మళ్లీ చేయి పెట్టకండి. చేతి జిడ్డు కూడా అతుకుని పాడుచేస్తుంది.
3. 300 లేదా 450 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) ఫైబర్ మ్యాట్ ముక్కలు ముందే కోసి వరసగా పెట్టుకోండి. ఒక్కో పొర ముందుదాని కన్నా 2 సెం.మీ. పెద్దది.
4. రెసిన్ (మ్యాట్‌ని తడిపి గట్టిపడే జిగురు ద్రవం) ఒక్కసారికి పావు కేజీ మించి కలపకండి. మన ఎండకి డబ్బాలోనే గడ్డకడుతుంది. గట్టిపరిచే క్యాటలిస్ట్ 1 నుంచి 2 శాతం, అంటే పావు కేజీకి 5 గ్రాముల లోపు.
5. ప్రతి పొరా వేశాక రోలర్‌తో గాలి బుడగలు పోయేలా నొక్కండి.

గట్టిగా గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. క్యాటలిస్ట్‌ని, కోబాల్ట్‌ని (రెసిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే మందు) నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. కోబాల్ట్ ముందే కలిపి అమ్మే రెసిన్ కొనండి. గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్క్ పెట్టుకోండి.

పాత పడవ ఎపాక్సీతో (ఇంకో రకం రెసిన్) కట్టినదైతే మామూలు పాలిస్టర్ రెసిన్ దాని మీద సరిగ్గా పట్టదు. అలాంటప్పుడు ఎపాక్సీయే వాడాలి. చెక్క మార్చాల్సి వస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి. చిన్న ముక్క తెచ్చి ఇంట్లో నాలుగైదు గంటలు ఉడికించి చూడండి. పొరలు విడిపోతే ముద్ర అబద్ధం.

## 6. బోల్తా పడినా తేలాలి

చిన్న పడవ ఎప్పుడో ఒకప్పుడు బోల్తా పడుతుంది. అప్పుడు నీళ్లు నిండిన పడవ మిమ్మల్ని మోస్తూ తేలాలి. దీనికోసం పెట్టే గాలిని లీటర్లలో లెక్కపెట్టండి: ఒక లీటరు గాలి దాదాపు ఒక కేజీని మోస్తుంది. 90 కేజీల పడవకి, ఇద్దరు మనుషులకి కనీసం 200 లీటర్లు ఉండాలని నేను పెట్టుకున్న హద్దు.

గాలి గదులు సరిగ్గా లేకపోతే చవకైన దారి ఉంది. మూత గట్టిగా పట్టే 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్‌లు పది. మూత దారాలకి సిలికాన్ రాసి బిగించండి. రెండు ముందు, రెండు వెనుక, పక్కలకి మూడు మూడు. మధ్యలోనే కుప్పగా పెడితే పడవ నిలవదు, దొర్లుతుంది.

నీళ్లు నిండినప్పుడు ఒక్కో క్యాన్ 20 కేజీల బలంతో పైకి తన్నుతుంది. ప్లాస్టిక్ తాడుతో ముడేస్తే ఊడిపోతుంది. రెండంగుళాల నైలాన్ పట్టీలు రెండేసి, హల్‌కి ఫైబర్‌తో అతికిన కొక్కేలకి కట్టండి. థర్మకోల్ నింపాలనుకుంటే జాగ్రత్త: పాలిస్టర్ రెసిన్ గానీ పెట్రోలు గానీ తగిలితే కరిగిపోతుంది.

మాస్ట్ పైచివర ఒక ఖాళీ రెండు లీటర్ల సీసా గట్టిగా కట్టండి. చూడటానికి బాగోదు. కానీ బోల్తా పడినప్పుడు పడవ పూర్తిగా తలకిందులై మాస్ట్ ఇసుకలో గుచ్చుకోకుండా ఆపడానికి అది చాలా సాయం.

## 7. మాస్ట్, వైర్లు, పిన్నులు

ఎక్కువ పడవల్లో మాస్ట్‌ని నిలబెట్టేవి మూడు వైర్లు: ముందు ఒకటి, పక్కలకి రెండు. 14 అడుగుల లోపు పడవకి 2.5 నుంచి 3 మి.మీ. స్టెయిన్‌లెస్ వైరు సరిపోతుంది. ఎప్పుడు మార్చారో తెలియని వైర్లని చూపుకి బాగున్నా మార్చేయండి.

బోల్టులు, పిన్నులు కొనేటప్పుడు తల మీద ఏ4 అని ఉందేమో చూడండి. అది 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ఏ2 అంటే 304, మన ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలీదు, ముద్రే చూడాలి. అల్యూమినియం మీద స్టీలు బిగించే ప్రతిచోటా మధ్యలో నైలాన్ వాషర్ వేయండి.

వైరు చివర పిన్ను ఉంటుంది, ఆ పిన్ను జారకుండా చిన్న రింగు ఉంటుంది. ఒకసారి లాసన్స్ బే నుంచి ఇద్దరం బయల్దేరి అర కిలోమీటరు వెళ్లామో లేదో, తెరచాప తాడు రాసుకుని ఆ రింగు తెరుచుకుంది. పిన్ను జారింది. ఎడమ వైరు గాల్లో ఊగడం చూశాను, అరిచేలోపే మాస్ట్ మా ఇద్దరి మధ్య నుంచి నీళ్లలోకి వాలింది. చేపలకి వెళ్లొస్తున్న పడవ వాళ్లు తాడు విసిరి లాక్కొచ్చారు. అప్పటి నుంచి ప్రతి రింగుకీ ఎలక్ట్రికల్ టేపు రెండు చుట్లు వేస్తాను. ప్రతిసారీ దింపే ముందు వేలితో తడిమి చూస్తాను.

మాస్ట్ నిలబెట్టే రోజు గాలి లేకుండా చూసుకోండి. తలెత్తి కరెంటు తీగలు చూడండి. ఒకరు మాస్ట్ పాదం, ఒకరు నడుము, ఒకరు ముందు వైరు పట్టుకోవాలి. బిగింపు మరీ వీణ తీగలా వద్దు. తెరచాపలో గాలి నిండినప్పుడు గాలి వచ్చే వైపు వైరు బిగుసుకుని, అవతలిది కొద్దిగా వదులవ్వాలి.

## 8. తెరచాప, తాళ్లు

కొత్త తెరచాప ఖరీదు ఎక్కువ. పాతదాన్ని టార్పాలిన్లు, గుడారాలు కుట్టే దర్జీకి ఇవ్వండి. పాలిస్టర్ దారం, జిగ్‌జాగ్ కుట్టు అని చెప్పండి. నూలు దారం వద్దు. తిన్నని కుట్టు గాలికి లాక్కుని చినుగుతుంది. నేర్చుకునే మొదటి సీజన్‌కి మందమైన టార్పాలిన్‌తో కుట్టిన తెరచాప కూడా పనిచేస్తుంది.

కుట్టిస్తున్నప్పుడే రెండు వరసల రీఫ్ రంధ్రాలు వేయించండి. తెరచాపని కిందనుంచి మడిచి కట్టేసి చిన్నది చేసుకునే ఏర్పాటు ఇది. మన దగ్గర మధ్యాహ్నం సముద్రపు గాలి ఒక్కసారిగా ముదురుతుంది. రీఫ్ లేని తెరచాపతో అప్పుడు చేసేదేమీ ఉండదు.

తాళ్లు ఏది ఎక్కడ:
- తెరచాప పైకి లాగేది: 5 లేదా 6 మి.మీ. పాలిస్టర్. సాగకూడదు.
- తెరచాపని చేత్తో అదుపు చేసేది: 8 నుంచి 10 మి.మీ. సన్నదైతే అరచేయి కోసుకుపోతుంది.
- లంగరు తాడు: నైలాన్. ఇది సాగాలి, అప్పుడే కుదుపు ఆపుతుంది.
- విసిరే తాడు: నీళ్ల మీద తేలే పాలీప్రొపిలీన్. ఎండకి త్వరగా పొడిబారుతుంది, ఏటా మార్చండి.

వలలు, తాళ్లు అమ్మే హార్బర్ దుకాణాల్లో ఇవి తూకానికి దొరుకుతాయి. ఏ రకమో గట్టిగా అడిగి తీసుకోండి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

## 9. చుక్కాని, లంగరు, మిగతా సామాను

చుక్కాని ఇసుక తగలగానే పైకి లేచేలా ఉండాలి. పడవ బోల్తా పడ్డప్పుడు ఊడిపోకుండా స్ప్రింగ్ క్లిప్పు ఉండాలి. అయినా ఒక తాడుతో పడవకి కట్టి ఉంచండి.

ఇసుక అడుగుకి నాలుగు కొక్కేల మడత లంగరు సరిగ్గా పట్టదు. రెండు వెడల్పు రెక్కల డాన్‌ఫోర్త్ రకం 3, 4 కేజీలది తీసుకోండి. దానికి 2 మీటర్ల గొలుసు, 30 మీటర్ల తాడు. లోతుకి ఐదు నుంచి ఏడు రెట్ల తాడు వదిలితేనే అది పట్టు చిక్కించుకుంటుంది.

పడవలో ఎప్పుడూ ఉండాల్సినవి:
- ప్రతి మనిషికీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్, ఐఎస్ఓ 12402 ముద్రతో. ఒడ్డు మీదే తొడుక్కోవాలి.
- తెడ్లు రెండు
- నీళ్లు తోడే డబ్బా, తాడుతో కట్టి
- ఈల, టార్చ్, కత్తి
- నీళ్లు దూరని సంచిలో పూర్తి ఛార్జింగ్ ఉన్న ఫోన్
- మనిషికి రెండు లీటర్ల మంచినీళ్లు, టోపీ
- పిన్ను, రింగులు, టేపు, 3 మీటర్ల తాడు ముక్క

కోస్ట్ గార్డ్ నంబరు 1554, కోస్టల్ పోలీస్ నంబరు 1093. రెండూ ఫోన్‌లో ఉండాలి, పడవ లోపల పెయింట్‌తో రాసి కూడా ఉండాలి.

## 10. అనుమతి, వాతావరణం

పడవ కొనకముందే రిజిస్ట్రేషన్, అనుమతి విషయం రాష్ట్ర మారిటైమ్ బోర్డులో, మీ రేవు పరిధిలోని మెరైన్ పోలీస్ స్టేషన్‌లో అడగండి. ఏ కాగితాలు కావాలో రాతలో తీసుకోండి. ఇది నేవీ ఉన్న ఊరు. తెలియని తెరచాప కనపడితే ఆపి అడుగుతారు, అడగాలి కూడా.

బయల్దేరే ముందు రోజు రాత్రి, మళ్లీ పొద్దున్న ఇన్‌కాయిస్ (హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం) సముద్ర సూచన చూడండి. మొదటి ఏడాది అలల ఎత్తు మీటరు దాటితే వెళ్లకండి. పోర్టులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగిరినా ఆ రోజు మాట మర్చిపోండి.

కొత్తవాళ్లకి జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో ఈదురుగాలులు వస్తాయి, మూడింటికల్లా ఒడ్డున ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలికి అలలు పెద్దవి. అక్టోబర్, నవంబర్ తుఫానుల కాలం.

తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డున నిలబడితే నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, వెళ్లడం ఎంతో హాయి, తిరిగి రావడమే కష్టం. సముద్రపు గాలి మొదలయ్యేదాకా ఆగి, అది ఇంకా నెమ్మదిగా ఉండగానే వెళ్లండి.

## 11. మొదటిసారి నీళ్లలోకి

మొదటి రోజు తెరచాప ఎత్తకండి. నడుం లోతు నెమ్మదైన నీళ్లలో పడవని కావాలనే బోల్తా కొట్టించండి. పది నిమిషాలు అలాగే వదిలి, ఎటు కుంగుతోందో చూడండి. తర్వాత ముక్కు గాలి వైపు తిప్పి, సెంటర్‌బోర్డ్ మీద నిలబడి పైకి లేపండి. ఇద్దరూ మూడేసి సార్లు చేయగలిగాకే రెండో రోజు.

రెండో రోజు వరస:

1. బిరడాలు బిగించారా? చేత్తో తడిమి చూడండి.
2. రింగుల మీద టేపు, చుక్కాని క్లిప్పు, క్యాన్‌ల పట్టీలు.
3. ఎటు వెళ్తున్నారు, ఎన్నింటికి వస్తారు అన్నది ఒడ్డున ఒకరికి చెప్పండి. రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి.
4. పడవ ముక్కు అలకి ఎదురుగా పెట్టి నడిపించండి. అడ్డం తిరిగితే అల పడవని మీ మీదకే తోస్తుంది. పడవకీ ఒడ్డుకీ మధ్యలో ఎప్పుడూ నిలబడకండి.
5. పెద్ద అలలు వరసగా వచ్చి కాసేపు తగ్గుతాయి. ఆ సందు చూసి దాటండి.
6. లోతు రాగానే సెంటర్‌బోర్డ్, చుక్కాని దింపండి.

నీళ్ల మీద వలల గుర్తులు చూస్తూ నడపండి. తీరం నుంచి లాగే అలివి వల కనిపిస్తే దూరంగా చుట్టి వెళ్లండి. సెంటర్‌బోర్డ్ తగిలి వల చిరిగితే ఒక కుటుంబం ఆ పూట సంపాదన పోయినట్టే. నీళ్ల మీద తెల్లని నురగలు ఎక్కువవుతుంటే రీఫ్ వేసి ఒడ్డు ముఖం పట్టండి.

ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుబాటు:
- పడవ గాలికి ఎదురు వెళ్లకుండా పక్కకి జారిపోతోంది: సెంటర్‌బోర్డ్ పూర్తిగా దిగలేదు.
- చుక్కాని చేతిలో బరువుగా లాగుతోంది: చుక్కాని పలక సగం లేచి ఉంది, లేదా తెరచాప మరీ బిగించారు.
- తెరచాపకి అడ్డంగా ముడతలు: పైకి లాగే తాడు వదులైంది.
- ట్రాలీ ఇసుకలో కూరుకుపోతోంది: లావు టైర్లు వేసి, గాలి సగం తీసేయండి.

## 12. ఒడ్డుకి వచ్చాక

మంచినీళ్లతో కడగాలి. ముఖ్యంగా చుక్కాని బిగింపులు, కప్పీలు, వైరు చివరలు. బిరడాలు తీసి వంచి, లోపలికి ఎన్ని నీళ్లు వచ్చాయో మగ్గుతో కొలిచి పుస్తకంలో రాయండి. పోయినసారి అర మగ్గు, ఈసారి రెండు మగ్గులు అంటే ఎక్కడో అతుకు తెరుచుకుంది. తెరచాప నీడలో ఆరబెట్టి చుట్టిపెట్టండి, పడవ మీదే ఎండకి వదిలేయకండి.

సెప్టెంబర్ చివరికల్లా మాస్ట్ దింపేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఊళ్లో ఏమేం ఎగిరాయో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పడవని పోటు హద్దుకి బాగా పైన, చెట్ల కింద కాకుండా, బోర్లించి పెట్టండి. నాలుగు మూలలా మీటరు పొడవు ఇనుప మేకులు ఏటవాలుగా దిగ్గొట్టి, పడవ మీదుగా వెడల్పు పట్టీలతో కట్టండి. ఇసుకలో మేకు నిలవకపోతే సంచుల్లో ఇసుక నింపి అర మీటరు లోతున పాతి, పట్టీలు వాటికి కట్టాలి. ట్రాలీ చక్రాలు ఊడదీసి ఇంటికి తెచ్చుకోండి.